వత్తులు రాలిన మాటలు

అప్పడమంత మందం.
గోడకి బిగించి, రెండడుగులు వెనక్కి వేసి
"సినిమా హాలే" అన్నాడు ప్రభంజన్.
నిజమే. ముక్కుపుడక మీద దుమ్ము కూడా కనబడుతోంది.
ఆవిడ ఏడుస్తోంది. ఎందుకో తెలియదు.
నోట్లో దూది కుక్కుకుని ఏడుస్తున్నట్టుంది.

షెఫీల్డ్‌లో, వాక్లీ కొండ మీద,
ఒకదాని భుజం మీద ఒకటి వాలిన ఇళ్ళలో మాది నలభై మూడు.
నవంబరు. నాలుగింటికే చీకటి.
ఇంట్లో వెలుగంటే ఆ యాభై అయిదంగుళాలే.

ముందు వత్తులు పోయాయి.
"భయం" వచ్చి "బయం" అని చతికిలబడింది.
శాపం చాపైంది.
తాతగారు వీలునామా చదివే సీను -
పొలం ఎవరికి రాశాడో అర్థమే కాలేదు.
సౌండు పెంచితే ఫైటు వచ్చి మీద పడుతుంది,
తగ్గిస్తే మళ్ళీ గుసగుసలు.
రిమోటు పట్టుకుని సినిమా చూడటమంటే
ఈ కొండ మీద ఫస్ట్ గేర్‌లో కారు ఎక్కించడమే.

సెట్టింగుల్లోకి దిగాడు ప్రభంజన్.
"క్లియర్ వాయిస్" నొక్కితే
అందరూ రేకు డబ్బాలోంచి మాట్లాడారు.
"స్టేడియం" నొక్కితే వీలునామా స్టేడియంలో చదివారు.
చివరికి టార్చి వేసి, చెంప గోడకి ఆనించి వెనక చూసి,
అక్కడి నుంచే అరిచాడు:
"దీని నోరు వీపు మీద ఉందే!"

రెండు సన్నటి చీలికలు, గోడ వైపు.
మాకు బొమ్మ, గోడకి మాట.

పెళ్ళిలో పెట్టిన ఇత్తడి పళ్ళెం వెనకాల ఇరికించాం.
కొన్ని మాటలు తిరిగొచ్చాయి,
ప్రతి "అమ్మా" చివరా ఒక చిన్న "టింగ్‌"తో.

కుండకి కడుపుంటేనే కదా గొంతు.
పాత డబ్బా టీవీకి ఎంత బానపొట్ట!
మోయడానికి ఇద్దరు కావాలి,
తిడితే తిట్టినట్టే వినబడేది.
సన్నబడు, సన్నబడు అని లోకమంతా పోరి
దీన్ని కూడా ఎండగట్టారు.

శనివారం పక్కింటి డెరిక్ తలుపు తట్టాడు.
నలభై ఏళ్ళు ఉక్కు సుత్తుల కింద పనిచేసి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
గొడవకొచ్చాడనుకుని ముందే సారీ చెప్పేశాను.
"మీ టీవీ నా గోడతో మాట్లాడుతోంది" అన్నాడు.
"ఏవండీ, ఏవండీ అని ఒకావిడ పిలుస్తుంటుంది.
ఆయన పలకడెందుకు?"
ఆ పిలుపు మాకు ఇన్నాళ్ళూ వినబడనే లేదు.

మర్నాడు తోపుడు బండిలో రెండు చెక్క స్పీకర్లు తెచ్చాడు,
వాటి మీద ఒక ఆంప్లిఫయరు.
మూతపడిన క్లబ్బువి. పాతికేళ్ళు వాటిలోంచే
బింగో అంకెలు పిలిచాడట.
థర్టీన్‌కీ థర్టీకీ తేడా తెలియలేదో,
ఆడవాళ్ళు పెన్నులు విసిరేవారట.
తొమ్మిది పౌండ్ల చిన్న డబ్బా మేం కొన్నాం,
కొత్త టీవీకీ ఆ ముసలి గొంతులకీ మధ్య దుబాసీ.
"గోడకి జానెడు దూరం. చెవి ఎత్తు. కింద సగం ఇటుక"
అంటూ డెరిక్ మోకాళ్ళ మీద కూర్చుని
గుడ్డ మొహాల్ని మా సోఫా వైపు తిప్పాడు.

అదే సినిమా వేశాం.
ముందు గాజుల చప్పుడు.
తర్వాత కాగితం మడత విప్పడం, తాతగారి ఆయాసం,
"భూమి" - వత్తుతో సహా.
పొలం చిన్నకోడలికి రాశాడు.
నేను లేచి నిలబడ్డాను.

రెండు వారాలకి డెరిక్ మళ్ళీ వచ్చాడు, చేతులు జేబుల్లో.
"ఆ పిలిచే ఆవిడ వెళ్ళిపోయిందా?"

ప్రభంజన్ మళ్ళీ సెట్టింగుల్లోకి దిగాడు.
రెండు నోళ్ళూ తెరిచే మీట ఒకటి దొరికింది.
ఇప్పుడు ఆదివారం ఏడింటికి వీపు గోడకి చెబుతుంది,
చెక్క మాకు చెబుతుంది,
ఒక అక్షరం వెనకగా.
ప్రతి పిలుపూ మాకు రెండుసార్లు.
లెక్కప్రకారం అది లోపం. మార్చలేదు.

నిన్న చెత్త డబ్బా బయట పెడుతుంటే
పిట్టగోడ అవతల నుంచి, వానలో:
"ఏవండి."
దీర్ఘం లేదు.
ప్రభంజన్ పలికాడు.